తలుపు పక్క రాయి

దయ్యాలు, జిన్నులు, గాలి సోకడం లాంటివాటి మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. నమ్మితే మా పని సాగదు. మాది రాతిపని చేసే కుటుంబం. మా జేజినాయన, మా నాయన, నేను, ముగ్గురమూ గోరీలు కట్టినవాళ్లమే. పని ఊరికి దూరమైతే ఆ గోరీల మధ్యే సద్ది విప్పుకుని తిని, అక్కడే తువ్వాలు పరుచుకుని కునుకు తీసినవాళ్లమే. ఊళ్లో ఎవరికైనా గాలి సోకిందని కబురొస్తే మా నాయన నవ్వి, వానికి గాలి సోకలేదప్పా, పని సోకలేదు అనేవాడు.

అందుకని ఇది చదివి నన్ను పిరికివాడి కింద జమకట్టకండి. చూసింది చూసినట్టు రాస్తున్నాను. ఇంకో సంగతి కూడా ముందే ఒప్పుకోవాలి. నాకు మొండితనం ఎక్కువ. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఇందులో తప్పు నాదే కాబట్టి ఆ మాట మొదటే చెప్పేయడం మేలు.

నా పేరు మస్తాన్. మాది కడప జిల్లా. దుబాయ్ వచ్చి పద్దెనిమిదేళ్లు దాటింది. వచ్చిన కొత్తలో నైఫ్ అనే పాత బజారులో ఒక గదిలో తొమ్మిదిమందిమి ఉండేవాళ్లం. అప్పటినుంచీ నేను చేసింది సిమెంటు ఇటుకల గోడలు, బాత్రూముల్లో టైల్సు. నాయన నేర్పిన రాతిపని మర్చిపోయాననే అనుకున్నాను.

కరోనా ఏడాది నాయన పోయాడు. విమానాలు లేవు. మా అన్న ఫోను పట్టుకుని నిలబడితే, ఆయన్ని మట్టిలోకి దించడం కంపెనీ లేబర్ క్యాంపులో మంచం మీద కూర్చుని చూశాను. ఊరందరికీ గోరీలు కట్టిన మనిషికి నేను మూడు దోసిళ్ల మట్టి కూడా వేయలేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

కరోనా తగ్గాక రెండో చలికాలంలో మా కంపెనీకి ఒక వింత పని వచ్చింది. తూర్పు సముద్రం ఒడ్డున ఖోర్ ఫక్కాన్ అనే ఊరి వెనక కొండల్లో పాడుబడ్డ పాత రాతి ఇంటిని తిరిగి నిలబెట్టాలి. సిమెంటు ముట్టుకోకూడదు. ఆ రాళ్లతోనే, ఆ పాత పద్ధతిలోనే కట్టాలి. ముదీర్, అంటే మా మేనేజరు, అందరినీ వరసగా నిలబెట్టి రాతిపని ఎవరికి వచ్చని అడిగితే నేనొక్కడినే చెయ్యెత్తాను.

ఇంటి యజమాని పేరు రాషిద్. పోర్టులో పనిచేసి మానేసిన అరవయ్యేళ్ల మనిషి. హిందీ బాగానే మాట్లాడతాడు. ఇల్లు కట్టించేది తన కోసం కాదు, వాళ్ల అమ్మ కోసం. ఆమె ఆ ఇంట్లోనే పుట్టింది. తొంభై దాటి ఉంటాయి, పుట్టిన ఏడు రాసిపెట్టినవాళ్లు లేరు. చూపు చాలావరకు పోయింది. షుగరు, గుండెజబ్బు. కళ్లలో ఆ కాస్త వెలుతురు ఉండగానే తను పుట్టిన ఇంట్లో ఒక్కసారి కూర్చోవాలన్నది ఆమె కోరిక. ఎండలు ముదిరితే ఆమెను కొండదారిలో తిప్పొద్దని, వచ్చే చలికాలం దాకా ఆమె ఉంటుందన్న నమ్మకం లేదని డాక్టరు చెప్పాడట. అంటే మాకు మిగిలింది నాలుగు నెలలు.

ఆమెను చూసుకునే మనిషి సువార్త. రాజోలు దగ్గరి ఊరు. పదకొండేళ్లుగా ఆ ఇంట్లోనే ఉంది. అరబ్బీ నీళ్లు తాగినట్టు మాట్లాడుతుంది. పాత ఇంటి గురించి ముసలామె ఏదైనా చెప్పాలనుకుంటే సువార్త ఫోను చేసి నాకు తెలుగులో చెప్పేది. ఆ ఫోన్లు వినీవినీ నేను మనసులో ఆమెను జేజి అనుకోవడం మొదలుపెట్టాను, మా వైపు అవ్వను అలాగే పిలుస్తాం.

ఆ ఇంటిని దూరంనుంచి చూస్తే రాళ్లకుప్ప అనుకుంటారు. సగం భూమిలోకి దిగి ఉంటుంది. లోపలి నేల బయటి నేలకంటే రెండడుగుల పైనే లోతు. గోడలు మూరన్నర మందం. అడుగు వరసలో ఒక్కో రాయి పడుకున్న మేకపోతంత. కిటికీలు లేవు. వాకిలి ముందు నాలుగు మెట్లు దిగాలి, మెట్లకు అటూ ఇటూ చిట్టిగోడలు. వాకిలి ఎంత చిన్నదంటే ఎంత గొప్పవాడైనా నడుం రెండుగా వంచాల్సిందే. లోపల ఒకటే గది, ఒక పక్క పడుకోవడానికి రాతి అరుగు.

మూలన మూడు పెద్ద బానలు ఉన్నాయి. వాటి పొట్ట వాకిలికంటే వెడల్పు. అంటే బానలు ముందు దించి, వాటి చుట్టూ ఇల్లు కట్టారన్నమాట. చలికాలం కొండమీద ఉండి, ఎండాకాలం ఖర్జూర తోటలకు దిగిపోయే జనం వాళ్లు. ధాన్యం బానల్లో పోసి ఇల్లు మూసి వెళ్లిపోయేవారు. దొంగ లోపల పడ్డా బానను బయటికి తీసుకుపోలేడు. ఆ తెలివికి నేను మనసులోనే దండం పెట్టుకున్నాను.

పైకప్పు చూస్తే నవ్వొచ్చింది. తుమ్మలాంటి చెట్టు మొద్దులు దూలాలు, వాటి మీద రాతి పలకలు, ఆ పైన కొమ్మలు, ఆ పైన మట్టి. అచ్చం మా ఊరి మట్టిమిద్దె. మేము చౌడు పోస్తాం, వీళ్లు కొండమట్టి పోశారు. మేము వెలుతురుకు గవాచి పెడతాం, వీళ్లు అదీ పెట్టలేదు. సముద్రానికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా ఎవరు ఎవరిని చూసి నేర్చుకున్నారో గానీ, మొదటి రోజే ఆ ఇల్లు నాకు పరాయిదనిపించలేదు.

తలుపు పని సత్తిబాబుది. అమలాపురం వైపు వడ్రంగి, నాకంటే పదేళ్లు చిన్న. ఇల్లు ఉన్న గట్టుకు కింద, పది నిమిషాల నడకలో, ఒక పోర్టా క్యాబిన్ పెట్టారు. అందులో మేమిద్దరమే ఉండేవాళ్లం. రాళ్లు మోసేవాళ్లు నలుగురు పొద్దున పికప్‌లో వచ్చి సాయంత్రం వెళ్లిపోయేవారు.

అసలు సంగతికి వస్తాను. కుడివైపు చిట్టిగోడకు అవతల, ముందుగోడలో, నేలకు జానెడెత్తున ఒక కంత ఉంది. నేను వెళ్లేటప్పటికి మట్టితో, రాళ్లతో సగం పూడి ఉంది. శుభ్రం చేస్తే గోడలో ఈ పక్కనుంచి ఆ పక్కకు, గదిలోకి పోయింది. రాయి ఊడిపోయి పడిన కంత అనుకున్నాను.

మా నాయనకు ఒక పట్టింపు ఉండేది. రాయికీ రాయికీ మధ్య సందు విడిచేవాడు మేస్త్రి కాడు, తేలుకు ఇల్లు కట్టించేవాడు అనేవాడు. మా సీమలో ఎండలకు తేళ్లూ పాములూ చల్లటి గోడల్లోకే చేరతాయి. అందుకని ఎంత చిన్న సందైనా ముక్కరాళ్లు దిగ్గొట్టి మూసేస్తాం. కంతను చూసి వదిలేయడం మా చేతులకు చేతకాదు.

ఆ కంత కిందే పడి ఉన్న రాళ్లలో ఒకటి అందులో అచ్చంగా ఇమిడింది. అడుగు పొడవు రాయి, రెండు చేతులతో ఎత్తాలి. దాని ఒక అంచు మాత్రం అరిగి నున్నగా ఉంది. వాననీళ్లకు అరిగిందేమో అనుకున్నాను. పెట్టేసి, గదిలో నుంచి కూడా చిన్నరాళ్లతో మూసి, వేరే గోడకు వెళ్లిపోయాను.

మరుసటి పొద్దున వచ్చేసరికి ఆ రాయి కింద ఉంది. లోపలి రాళ్లూ లేవు, కంత ఈ చివరనుంచి ఆ చివరకు తెరుచుకుని ఉంది.

మేకలు తగిలి పడిందనుకున్నాను. కొండమేకలకు అడ్డూ ఆపూ ఉండదు. ఈసారి మూడు ముక్కరాళ్లు దిగ్గొట్టి బిగించాను. కాలితో తన్ని చూశాను, కదల్లేదు.

తెల్లారి మళ్లీ కింద ఉంది. ఈసారి నేను నిలబడిపోయాను, ఎందుకంటే అది పడిన రాయి కాదు, పెట్టిన రాయి. గోడలో బయటికి కనబడే వైపును మేము రాయి ముఖం అంటాం. ఆ ముఖం ఆకాశంవైపు ఉంది. దాని పక్కన మూడు ముక్కరాళ్లు, పెద్దది, నడిమిది, చిన్నది, వరసగా ఉన్నాయి.

చిన్నప్పుడు నేను పెట్టిన రాయి తప్పైతే నాయన తిట్టేవాడు కాదు. మాట్లాడకుండా దాన్ని ఊడదీసి, ముఖం పైకి ఉండేటట్టు నా కాళ్ల దగ్గర పడుకోబెట్టేవాడు. ముక్కరాళ్లను పెద్దదీ నడిమిదీ చిన్నదీ వరసగా పక్కన పేర్చేవాడు. తప్పేమిటో చెప్పేవాడు కాదు. నేనే కనుక్కుని మళ్లీ పెట్టాలి. సరిగ్గా పెడితే సుత్తె పిడితో ఆ రాయి మీద ఒక్కసారి టక్కుమని కొట్టి తన పనికి వెళ్లిపోయేవాడు. మెప్పు అంటే అంతే.

ఆ అలవాటు గురించి నేను క్యాంపులో ఒకరిద్దరికి చెప్పాను. సత్తిబాబుకు కూడా ఒకరోజు టీ తాగుతూ చెప్పిన గుర్తు. దాంతో నా బుర్ర వెంటనే అతని మీదికి పోయింది. నన్ను ఆటపట్టిస్తున్నాడు అనుకున్నాను. అసలే పని వెనకబడి ఉంది, జేజి రోజులు లెక్కపెట్టుకుంటోంది, వీడికి వేళాకోళంగా ఉంది అని ఒళ్లు మండిపోయింది.

"ఏమప్పా సత్తిబాబూ, చచ్చిపోయిన మనిషితోనా నీ పరాచికాలు?" అన్నాను.

అతనికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం చిన్నబోయింది.

"మా నాన్న కూడా ఆ ఏడాదే పోయాడండీ మేస్త్రిగారూ. నేనలాంటి పని చేస్తానా అండీ?" అన్నాడు.

ఆ రోజంతా అతను తన చెక్కల దగ్గరే ఉండిపోయాడు. నా అనుమానం అప్పటికీ పూర్తిగా పోలేదు, అది నా బుద్ధి. మరుసటి రోజు అతనే ఒక ఉపాయం చెప్పాడు. గురువారం సాయంత్రం రాయి బిగించి, చుట్టూ జల్లెడ పట్టిన రాతిపొడి పరుద్దాం, ఇద్దరం కలిసి ఖోర్ ఫక్కాన్ వెళ్లి శుక్రవారమంతా అక్కడే ఉందాం, ఎవరొచ్చినా అడుగులు పడతాయి అన్నాడు. అలాగే చేశాం. మంచం వేసినంత మేర, వేలెడు మందం రాతిపొడి పరిచాం. అతను ఫోనులో ఫోటో తీశాడు. శుక్రవారం ఇద్దరం ఒకరి కంటిముందు ఒకరం ఉన్నాం. నేను నమాజుకు వెళ్తే అతను మసీదు బయట బెంచీ మీద కూర్చున్నాడు, నాకు తెలియాలని.

శనివారం పొద్దున ఆ రాతిపొడి మీద మేం పరిచినప్పుడు పడి ఫోటోలో ఉన్న గీతలు తప్ప ఇంకేమీ లేదు. మనిషి అడుగు లేదు, మేక గిట్ట లేదు, తోక ఈడ్చిన గుర్తు లేదు. ఆ పొడి మధ్యలో రాయి, ముఖం పైకి. పక్కన మూడు ముక్కలు వరసగా. సత్తిబాబు రెండో ఫోటో తీశాడు. ఆ రెండు ఫోటోలూ నా ఫోనులో ఇప్పటికీ ఉన్నాయి.

నేను సత్తిబాబుకు తప్పయిందని చెప్పాను. అతను, పోనీలెండి అన్నాడు. తర్వాత నెమ్మదిగా, ఆ రాయి పెట్టొద్దని ఎవరో చెప్తున్నారేమోనండీ, వదిలేద్దాం అన్నాడు.

నా మొండితనం అక్కడ బయటపడింది. భయపడి కంత వదిలేశానంటే రేపు ఆ కంతలోంచి తేలు దూరి జేజిని కుడితే ఎవరిది పాపం అన్నాను. నిజానికి తేలు సాకు. నా పనిలో తప్పుందని ఒప్పుకోవడానికి మనసు రాలేదు. ముక్కరాళ్లు మళ్లీ దిగ్గొట్టి, సున్నం, జిప్సం కలిపి గార పట్టించి ఆ రాయిని గోడలో ఒకటి చేసేశాను. లోపలినుంచి కూడా గార కొట్టాను. మూడో రోజుకు అది ఇనుములా బిగిసింది.

ఆ తర్వాత పన్నెండు రోజులు అది కదల్లేదు. రోజూ పొద్దున మొదట దాన్నే చూసేవాడిని. ఎండకు రాళ్లు పొంగి, చలికి ముడుచుకుని అలా జరిగి ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. రాతిపొడి సంగతి మాత్రం ఆలోచించకుండా దాటేశాను.

ఈలోగా సత్తిబాబు తలుపు తయారుచేశాడు. రేగు జాతి చెట్టు చెక్క, నాలుగంగుళాల మందం. తలుపు లోపల అడ్డగడియ. కుడివైపు గోడలో పాతకాలపు గాడి ఒకటి చెక్కుచెదరకుండా ఉంది, కొంచెం వాలుగా. తలుపు తెరిచి ఉన్నప్పుడు గడియ వెనక్కి జరిగి ఆ గాడిలో కూర్చుంటుంది. జారకుండా ఒక చిన్న చీల పెట్టాలి, దానికీ రాతిలో పాత రంధ్రం ఉంది. ఆ రంధ్రం ప్రకారం చెక్కితే చీల వదులుగా వచ్చింది. అదేంటో అన్నట్టు సత్తిబాబు తల గోక్కున్నాడు. పాతవాళ్లు ఎలా పెట్టారో అలాగే పెట్టు అన్నాను నేను. అన్నీ పాతవాళ్ల ప్రకారమే చేశాం, ఆ ఒక్క కంత తప్ప.

జేజి వచ్చే రోజు రానే వచ్చింది. ఎండ బాగానే ఉంది గానీ ఇంకా ముదరలేదు. పొద్దున ఏడు గంటలకు నేను తడిగుడ్డతో వాకిలి చుట్టూ రాళ్లన్నీ తుడిచాను. ఆ రాయిని కూడా తుడిచాను. బిగువుగా ఉంది. సత్తిబాబు పక్కనే ఉన్నాడు, అతనూ చేత్తో నొక్కి చూశాడు. ఇన్నాళ్లూ తలుపు మూసుకోకుండా అడ్డంగా పెట్టిన బండరాయిని, శుభ్రంగా ఉండాలని, తీసి అవతల పారేశాం.

పది గంటలకు రాషిద్ కారు వచ్చింది. రాళ్లు మోసేవాళ్లలో ఇద్దరు జేజిని కుర్చీలో కూర్చోబెట్టి గట్టు మీదికి మోసుకొచ్చారు. చిన్న మనిషి, పిచ్చుకంత. వాకిలి దగ్గర సువార్త ఆమెను దింపి పట్టుకుంది. ఆమె మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగి, ఎవరూ చెప్పకుండానే నడుం వంచి లోపలికి వెళ్లింది. గోడలు తడిమింది. బానల పొట్ట మీద చెయ్యి వేసి నవ్వింది. అరుగు మీద కూర్చుని, కాసేపు తనను ఒంటరిగా వదిలేయమని అడిగింది. సువార్త బయటికి వచ్చి, ఆమె ఏడుస్తుంటే చూడకూడదు కదండీ అంది.

మేం మెట్ల మీద నిలబడి ఉన్నాం. వాదీలోంచి, అంటే కింద ఉన్న కొండవాగులోంచి, గాలి ఒక్కసారిగా లేచింది. తలుపు ధడాలున మూసుకుంది. ఆ అదురుకు లోపల చీల ఊడి పడిన చప్పుడు, గాడిలోంచి గడియ జారి తలుపుకు అడ్డం పడిన చప్పుడు, రెండూ స్పష్టంగా విన్నాను.

మొదట ఎవరూ కంగారు పడలేదు. రాషిద్ తలుపు నెట్టాడు. నేను నెట్టాను. అప్పుడు అర్థమైంది. ఆ తలుపును బయటినుంచి తెరిచే దారి మేం పెట్టలేదు. రాషిద్ అమ్మను పిలిచాడు. జవాబు లేదు. సువార్త పిలిచింది. జవాబు లేదు. పొద్దున ఆమె సరిగా తినలేదని, సూది మాత్రం వేసుకుందని, షుగరు పడిపోయి ఉంటుందని సువార్త అంది.

గడ్డపారతో తలుపు పగలగొట్టబోయాం. నాలుగంగుళాల చెక్క, చుట్టూ రాతి చట్రం, ఇద్దరు పక్కపక్కన నిలబడే చోటు కూడా లేదు. పైకప్పు తీయాలంటే గంటలు పడుతుంది, తీస్తే ఆ పలకలు ఆమె మీదే పడతాయి. నేను కట్టిన ఇల్లు, నా గట్టితనమంతా చూపించి కట్టిన ఇల్లు. ఆమెకు నా చేతులతో గోరీ కట్టానా అనిపించింది. ఆ మాట అనుకున్నది నాకు బాగా గుర్తుంది.

సుత్తె కోసం చిట్టిగోడ దాటి కుడిపక్కకు పరుగెత్తాను. అక్కడ ఆ రాయి నేల మీద ఉంది. ముఖం పైకి. పక్కన మూడు ముక్కరాళ్లు, పెద్దది, నడిమిది, చిన్నది.

ఆలోచించే వ్యవధి లేదు. నేల మీద పక్కకు పడుకుని, చెంప గోడకు ఆనించి, ఆ కంతలో చెయ్యి పెట్టాను. భుజం దాకా పోయింది. మణికట్టు కిందికి వంచగానే వేళ్లకు గడియ కొస తగిలింది. వెతకాల్సిన పని లేదు. ఆ కంత కొలత ఒక మనిషి చేతికొలత, అది పోయే చోటు ఆ గడియ దగ్గరికే. వెనక్కి లాగాను. నూనె పెట్టినట్టు జారింది.

సువార్త అందరినీ తోసుకుని లోపలికి దూరింది. జేజి అరుగు మీద పక్కకు ఒరిగి ఉంది, ఒళ్లంతా చెమట. సువార్త తన సంచిలోంచి తేనె తీసి వేలితో ఆమె చిగుళ్లకు రాసింది. తలుపు పడిన దగ్గరినుంచి తీసేదాకా పావుగంట పట్టి ఉంటుంది. ఇంకో పది నిమిషాలకు ఆమె కళ్లు తెరిచి మాట్లాడింది. ఆమె ఏదో అడిగితే రాషిద్ తెల్లబోయి చిన్నపిల్లవాడిలా చూశాడు. నేను వాకిలి దగ్గర కూలబడి ఉంటే సువార్త బయటికి వచ్చి నాకు చెప్పింది.

"తలుపు పడగానే కంతలోంచి వెలుతురొచ్చిందంటండి. ఇంక చెయ్యి వస్తదని చూస్తా ఉన్నారంట. అరవడానికి ఓపిక లేదంట. వెలుతురు ముందే వచ్చింది కదా, చెయ్యి రావడానికి ఇంతసేపెందుకయ్యిందీ అని అడుగుతున్నారండీ అమ్మగారు."

తరువాత రాషిద్ మిగతాది వివరంగా చెప్పాడు. ఆ ఇల్లు కట్టింది జేజి వాళ్ల నాన్న. తోటలకు దిగిపోయేటప్పుడు ఆఖరిగా బయటికి వచ్చినవాళ్లు తలుపు గట్టిగా లాగుతారు. చీల పడి గడియ దానంతటదే పడుతుంది, చీల వదులుగా ఉండేది అందుకే. కంతలో ఒక రాయి ఊరికే, పట్టీపట్టకుండా పెడతారు. ఏ రాయి తీయాలో ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. తాళమూ అదే, తాళంచెవీ అదే. చిన్నప్పుడు జేజి లోపల దాక్కుని తలుపు వేసుకుంటే, వాళ్ల నాన్న రాయి తీసి చెయ్యి లోపలికి పెట్టేవాడట. ఇంత తెలిసినామె మాకు ముందు ఎందుకు చెప్పలేదంటే, ఇల్లు కట్టే మనిషికి అది తెలియకుండా ఉంటుందని ఆమెకు తోచలేదు.

అందరూ కిందికి వెళ్లాక నేను ఆ కంత దగ్గర చాలాసేపు కూర్చున్నాను. నేను పట్టించిన గార ఏమైందో చూడాలి కదా. దాన్ని పగలగొట్టాలంటే నాకే ఉలి, సమ్మెట, గంట సమయం కావాలి. చప్పుడు కొండంతా వినిపిస్తుంది. మేం ఆరుగురం మెట్ల మీదే ఉన్నాం, చిట్టిగోడకు ఇవతల, నాలుగడుగుల దూరంలో. ఎవరూ ఏమీ వినలేదు. నేల మీద ఒక్క గార పెచ్చు కూడా లేదు. రాయి అంచులకు గానీ కంత లోపల గానీ గార అంటిన మరక లేదు. ఎన్నడూ పట్టించనట్టే ఉంది. సత్తిబాబు మోకాళ్ల మీద కూర్చుని వేలితో తడిమి చూశాడు. నా భుజం మీద చెయ్యి వేసి లేచి వెళ్లిపోయాడు.

జేజి ఎండలు ముదిరేలోపు ఇంకో రెండుసార్లు వచ్చి ఆ అరుగు మీద కూర్చుంది. తలుపుకు ఇప్పుడు అడ్డురాయి ఉంది. మరుసటి ఏడు ఆమె తన మంచం మీదే, నిద్రలో పోయిందని సువార్త ఫోను చేసి చెప్పింది.

నాకు అంతుపట్టనిది ఇదే. ఆ కంత సంగతి తెలిసిన మనిషి జేజి వాళ్ల నాన్న. ఆయనకు రాయిని ముఖం పైకి పెట్టే అలవాటు ఉందో లేదో నాకు తెలియదు, చెప్పేవాళ్లూ లేరు. ఆ అలవాటు ఉన్న మనిషి మా నాయన. ఆయన కడప దాటి ఏనాడూ ఎక్కడికీ పోలేదు, ఈ ఇంటిని చూడలేదు. జిన్ను అని రాషిద్ అన్నాడు, దేవదూత అని సువార్త అంది. ఇప్పటికీ ఏమనాలో నాకు తెలియదు.

తలుపు పడిన ఆ రోజు సాయంత్రం, పొద్దు ఇంకా ఉండగానే ఆ రాయిని రెండు చేతులా ఎత్తి కంతలో పెట్టాను. ఈసారి దిగ్గొట్టలేదు, ముక్కరాళ్లు పెట్టలేదు. అరిగిన అంచు చేతికి అందేటట్టు, పట్టీపట్టకుండా పెట్టాను. పెట్టి, అక్కడే నిలబడ్డాను. దేని కోసం నిలబడ్డానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. సుత్తె పిడి చప్పుడు కోసం. కొండమీద గాలి తప్ప ఏమీ వినబడలేదు.

తెల్లారి వెళ్లి చూశాను. రాయి నేను పెట్టినచోటే ఉంది.